పెట్రోలు పైపులోనే మరిగితే: ఎండాకాలంలో పాత కార్లు ఎందుకు మొరాయిస్తాయి

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా బంకుల్లో మామూలైపోయింది. దానితోపాటే పాత కార్ల యజమానుల మధ్య ఒక వాదన కూడా బలపడింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బొరేటర్‌తో (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగంతో) వచ్చిన తొలితరం మారుతి 800 వంటి కార్లు ఎండలో నడిరోడ్డు మీద ఆగిపోవడానికి ఇథనాలే కారణమని కొందరు అంటుంటే, ఇథనాల్ పేరు వినని రోజుల్లోనూ ఈ జబ్బు ఉండేదని మరికొందరు గుర్తు చేస్తున్నారు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం వింతేమీ కాని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఈ ప్రశ్న కారు ఉన్న ప్రతి ఇంటికీ తగిలేదే. రెండు వాదనల్లోనూ నిజముంది కానీ, వాటి బరువు సమానం కాదు. ఏది ఎంత బరువో తేలాలంటే పెట్రోలు ట్యాంకు నుంచి ఇంజిన్‌కు ఏ దారిన వస్తుందో, ఆ దారిలో ఎక్కడ వేడెక్కుతుందో ముందుగా చూడాలి.

పెట్రోలు నడిచే దారి

ఈ కార్లలో ట్యాంకు వెనుక, ఇంజిన్ ముందు ఉంటాయి. రెంటినీ కలుపుతూ కారు అడుగు భాగాన ఒక సన్నని లోహపు పైపు, దాని చివర్లలో రబ్బరు హోసులు ఉంటాయి. పెట్రోలును ముందుకు తెచ్చే పని ఇంజిన్ పక్కనే బిగించి ఉండే మెకానికల్ పంపుది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు క్యామ్‌షాఫ్ట్ ఆ పంపు లీవరును కదిలిస్తుంది, లీవరు లోపలి డయాఫ్రమ్ అనే సాగే పొరను లాగుతుంది, ఆ లాగుడుకు ట్యాంకు నుంచి పెట్రోలు పంపులోకి వస్తుంది. లీవరు వదలగానే స్ప్రింగు డయాఫ్రమ్‌ను తిరిగి నెట్టి ఆ పెట్రోలును కార్బొరేటర్ వైపు పంపుతుంది. ఆ నెట్టుడు చాలా మెత్తనిది. సుమారు 15 నుంచి 25 కిలోపాస్కల్ ఒత్తిడి, అంటే టైరులో కొట్టే గాలి ఒత్తిడిలో దాదాపు పదో వంతు మాత్రమే. కార్బొరేటర్‌లోని ఫ్లోట్ చాంబర్ నిండగానే నీడిల్ వాల్వు మూసుకుంటుంది, ఖాళీ అయ్యేకొద్దీ తెరుచుకుంటుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. పంపు తరువాతి పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే కొంచెం ఎక్కువగా ఉంటుంది, పంపుకు ముందున్న పొడవాటి పైపులో మాత్రం బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది. ఎందుకంటే అక్కడ పెట్రోలును నెట్టడం లేదు, పీలుస్తున్నారు. వేపర్ లాక్, అంటే పెట్రోలు దారిలోనే ఆవిరై ఇంజిన్‌కు అందకపోవడం, దాని కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

పెట్రోలు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుంది

నీటికి ఉన్నట్టుగా పెట్రోలుకు ఒకే మరుగు ఉష్ణోగ్రత ఉండదు. అది అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి 35 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడితే, బరువైనవి 200 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండిపోతాయి. అందుకే పెట్రోలు ఎంత తేలిగ్గా ఆవిరవుతుందో చెప్పడానికి ఆవిరి పీడనం అనే కొలత వాడతారు. భారతీయ ప్రమాణాల ప్రకారం 38 డిగ్రీల దగ్గర పెట్రోలు ఆవిరి పీడనం 60 కిలోపాస్కల్ దాటకూడదు. దీనితోపాటు, 70 డిగ్రీలలోపు ఎంత శాతం పెట్రోలు ఆవిరవుతుందో కూడా లెక్కలోకి తీసుకుని వేపర్ లాక్ సూచిక అనే మరో అంకెను కడతారు, వేసవి నెలలకు దాని పరిమితిని తక్కువగా పెడతారు. ఎండాకాలపు పెట్రోలు వేరుగా ఉండాలన్న సంగతి చమురు శుద్ధి కర్మాగారాలకు కొత్తేమీ కాదన్నమాట.

ద్రవం ఆవిరి పీడనం పెరిగి, చుట్టూ ఉన్న ఒత్తిడితో సమానమైనప్పుడు అది మరుగుతుంది. ఒక స్థూలమైన లెక్క వేసి చూద్దాం. మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఒత్తిడి సుమారు 95 కిలోపాస్కల్. ప్రమాణం అనుమతించే గరిష్ఠ స్థాయి పెట్రోలును, అంటే 38 డిగ్రీల దగ్గర 60 కిలోపాస్కల్ ఉన్నదాన్ని తీసుకుందాం. ఆవిరి పీడనం దాదాపు 20 డిగ్రీలకొకసారి రెట్టింపవుతుందనుకుంటే, ఆ పెట్రోలు మూత తీసిన గిన్నెలో సుమారు 51 డిగ్రీల దగ్గర మరగడం మొదలవుతుంది. అదే పెట్రోలును పంపు 15 కిలోపాస్కల్ మేర పీలుస్తున్న పైపులో ఉంచితే చుట్టూ ఉన్న ఒత్తిడి 80కి పడిపోతుంది, మరుగు 46 డిగ్రీలకు దిగుతుంది. ఆ పైపులోనే, ట్యాంకు దగ్గర పెట్టిన పంపు వెనుక నుంచి 25 కిలోపాస్కల్‌తో నెడుతుంటే ఒత్తిడి 120 అవుతుంది, మరుగు 58 డిగ్రీల దాకా ఎక్కుతుంది. పైపు అదే, పెట్రోలు అదే, ఎండ అదే. పీల్చడానికీ నెట్టడానికీ మధ్య తేడా 12 డిగ్రీలు.

మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద రెండు గంటలు నడిచిన కారులో ట్యాంకులోని పెట్రోలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఇంజిన్ పక్కకు వచ్చేసరికి దానికి ఇంకో అయిదారు డిగ్రీలు కలవడం ఎంతసేపు? ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఈ బాధ దాదాపు లేకపోవడానికీ ఇదే లెక్క కారణం. వాటిలో పంపు ట్యాంకులోనే ఉండి సుమారు 300 కిలోపాస్కల్ ఒత్తిడితో నెడుతుంది, ఆ ఒత్తిడి కింద మన పెట్రోలు 92 డిగ్రీల దాకా మరగదు.

మరిగిన పెట్రోలు పంపును ఎలా మోసం చేస్తుంది

ద్రవాన్ని నొక్కితే కదులుతుంది, ఆవిరిని నొక్కితే కుంచించుకుపోతుంది. పంపులో ఆవిరి చేరినప్పుడు డయాఫ్రమ్ ఆడుతూనే ఉంటుంది, కానీ ప్రతి లాగుడుకూ ఆవిరి వ్యాకోచిస్తుంది, ప్రతి నెట్టుడుకూ కుంచించుకుంటుంది, వాల్వులు తెరుచుకునేంత ఒత్తిడి పుట్టదు. కారు ఒక్కసారిగా ఆగదు. ముందు ఫ్లోట్ చాంబర్‌లో మిగిలిన పెట్రోలు ఖర్చవుతుంది, ఎక్కుడు మీద పికప్ తగ్గుతుంది, మిస్సింగ్ మొదలవుతుంది, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా నీరసపడి చివరకు ఆగుతుంది. అసలైన వేపర్ లాక్ ఇదే. ఇది ఇంజిన్‌కు పెట్రోలు అందకపోవడం.

దీనితో తరచు కలిపేసే రెండో సమస్య స్వభావంలో దీనికి పూర్తి వ్యతిరేకం. కారు నడుస్తున్నంతసేపూ రేడియేటర్ నీరు, ఫ్యాను గాలి, తాజాగా వచ్చే పెట్రోలు ఇంజిన్ వేడిని మోసుకుపోతుంటాయి. కీ ఆపగానే ఈ మూడూ ఆగిపోతాయి. అప్పటికి 90 డిగ్రీల దగ్గరున్న ఇంజిన్ దిమ్మ, అంతకు ఎన్నో రెట్లు వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటకు పోయే గొట్టం) తమ వేడినంతా బానెట్ కిందకు వదులుతాయి. పది పదిహేను నిమిషాల పాటు కార్బొరేటర్ చల్లబడకపోగా ఇంకా వేడెక్కుతుంది. ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు మరిగి జెట్ అనే సన్నని రంధ్రం గుండా పొంగి, ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లోకి కారుతుంది. ఇప్పుడు ఇంజిన్‌కు పెట్రోలు తక్కువై కాదు, ఎక్కువై స్టార్ట్ కాదు. బానెట్ ఎత్తితే గుప్పున వాసన వస్తుంది. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌లో కార్బొరేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన, ఒకదానిపై ఒకటిగా ఉండడం వల్ల ఈ పొంగుకు అవకాశం ఎక్కువ.

ఒక ప్రయాణాన్ని ఊహించుకుంటే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, డిండి మీదుగా ఒక పద్మిని శ్రీశైలం బయలుదేరిందనుకుందాం. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలో సాఫీగా నడిచి, దోమలపెంట దగ్గర టీ కోసం పావుగంట ఆగింది, మళ్లీ స్టార్ట్ కాలేదు. ఇది పొంగు. యాక్సిలరేటర్‌ను పదేపదే కొట్టకుండా, పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ తిప్పితే గాలి ఎక్కువ వెళ్లి అదనపు పెట్రోలు బయటకు పోతుంది, ఇంజిన్ అందుకుంటుంది. అదే కారు అక్కడ ఆగకుండా ఘాట్ దిగి, డ్యాం దాటి, అవతలి మలుపుల్లో రెండో గేరులో ఎక్కుతూ ఎక్కుతూ మిస్సింగ్ ఇచ్చి ఆగితే, అది వేపర్ లాక్. వేగం తక్కువ కాబట్టి ఎదురుగాలి లేదు, బరువు ఎక్కువ కాబట్టి వేడి ఎక్కువ. అక్కడ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాభం లేదు, పంపు చల్లబడాల్సిందే. తిరుగు ప్రయాణంలో రాత్రి తొమ్మిదికి అడవి దారి మూస్తారన్న తొందరలో ఆ అరగంట ఆగడానికి ఎవరికీ ఓపిక ఉండదు, బ్యాటరీ దిగేదాకా సెల్ఫ్ కొట్టేది అందుకే.

వేపర్ లాక్ కాకుండానే అలా కనిపించేవి

ఎండలో ఆగిన ప్రతి కారుకూ వేపర్ లాక్ అని పేరు పెట్టడం వల్ల చాలా డబ్బు వృథా అవుతోంది. వేడికి మాత్రమే బయటపడే లోపాలు మరికొన్ని ఉన్నాయి.

మొదటిది కరెంటు వైపు లోపం. డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్, బయట ఉండే ఇగ్నిషన్ కాయిల్ పాతబడితే చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కాక స్పార్క్ బలహీనపడుతుంది. అరగంట ఆగితే మళ్లీ కారు నడుస్తుంది. లక్షణాలు అచ్చంగా వేపర్ లాక్ లాగే ఉంటాయి కాబట్టి, ఆగిన వెంటనే ప్లగ్ తీసి స్పార్క్ చూడనిదే ఈ రెంటినీ విడదీయలేము. చల్లబడ్డాక చూస్తే ఉపయోగం లేదు, అప్పటికి అన్నీ బాగానే ఉంటాయి.

రెండోది ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోవడం. పెట్రోలు ఖర్చయిన చోటికి గాలి రాకపోతే ట్యాంకులో ఒత్తిడి తగ్గుతుంది, పంపు ఇంకా గట్టిగా పీల్చాల్సి వస్తుంది. పై లెక్క ప్రకారం పీల్చుడు పెరిగితే మరుగు పడిపోతుంది కదా, కాబట్టి ఇది నిజంగానే వేపర్ లాక్‌ను తెచ్చిపెట్టగలదు కూడా. ఆగిన చోట మూత తిప్పినప్పుడు గాలి సుయ్‌మని లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే అనుమానం అక్కడే. బయటకు తన్నుకొస్తే మాత్రం అది వేడి పెట్రోలు ఆవిరే. అందుకే మూత నెమ్మదిగా, నిప్పుకు దూరంగా తిప్పాలి.

మూడోది అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది, తక్కువగా పట్టించుకునేది. పంపుకు ముందున్న రబ్బరు హోస్‌కు సన్నని పగుళ్లు వస్తే పెట్రోలు బయటకు కారదు, ఎందుకంటే అక్కడ పీల్చుడు ఉంది. గాలే లోపలికి వస్తుంది. పంపుకు ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్టరు ఉంటే దీన్ని కంటితో చూడవచ్చు. పొద్దున్నే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగా స్టార్ట్ చేసి ఆ ఫిల్టరులోకి చూసినప్పుడు సన్నని బుడగలు వరుసగా వస్తుంటే అది బయటి గాలి, హోస్ లేదా క్లిప్ లోపం. పొద్దున ఫిల్టరు నిశ్చలంగా ఉండి, మధ్యాహ్నం మాత్రమే పెద్ద పెద్ద బుడగలు ఎగిసి ఫిల్టరు సగం ఖాళీగా కనిపిస్తే అది పెట్రోలు ఆవిరి. ఫిల్టరు ఎప్పుడూ సగమే నిండి ఉండడం మాత్రం కొన్ని కార్లలో సహజమే, దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు.

మన ప్రాంతంలో ఈ గందరగోళానికి ఒక చరిత్ర కూడా ఉంది. 1980 నుంచి అంబాసిడర్ డీజిల్ ఇంజిన్‌తో వచ్చింది, ట్యాక్సీలుగా తిరిగినవాటిలో అవే ఎక్కువ. డీజిల్ బండికి లైన్‌లో గాలి చేరితే స్క్రూ వదిలి, చేతి పంపు కొట్టి ఆ గాలి తీయడం పాత డ్రైవర్లందరికీ వచ్చిన విద్య. డీజిల్ మరగడం మొదలయ్యేదే 150 డిగ్రీలు దాటాక కాబట్టి దానికి ఆవిరి బాధ లేదు, అక్కడ చేరేది బయటి గాలే. ఆ అనుభవాన్నే పెట్రోలు బండికి వర్తింపజేసి, ఎయిర్ పట్టిందంటూ పైపులు విప్పి ఊదడం నేటికీ కనిపిస్తుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు పైపు విప్పడం మాత్రం ప్రమాదకరమైన పని.

తడి గుడ్డ నుంచి ఎలక్ట్రిక్ పంపు దాకా

పంపు మీద తడి గుడ్డ చుట్టడాన్ని నాటు వైద్యంగా తీసిపారేసేవారున్నారు. నిజానికి అది సరైన భౌతికశాస్త్రమే. వేసవిలో మన దగ్గర గాలిలో తేమ తక్కువ, నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆవిరవుతూ పంపు నుంచి వేడిని లాగేస్తుంది, లోపలి పెట్రోలు ఆవిరి తిరిగి ద్రవమవుతుంది. అయితే గుడ్డ ఆరేదాకానే ఆ మేలు. కాగుతున్న మానిఫోల్డ్ మీద నేరుగా నీళ్లు కుమ్మరించడం వేరే సంగతి, దానికి పోత ఇనుము పగలవచ్చు. పెట్రోలు పైపుకు వరుసగా బట్టల క్లిప్పులు పెట్టడం వల్ల ప్రయోజనం ఉందనేవారూ ఉన్నారు, కానీ పైపు నుంచి వేడిని బయటకు లాగడానికి చెక్క క్లిప్పుకు ఉన్న శక్తి స్వల్పం. ఆ క్లిప్పులు పెట్టేలోగా గడిచే పావుగంటే కారును బాగుచేసి ఉండవచ్చు.

శాశ్వతమైన మార్పుల్లో మొదటి రకం వేడిని అడ్డుకునేవి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య అల్యూమినియం రేకు, కార్బొరేటర్ కింద మందపాటి బేకలైట్ స్పేసర్, పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించడం ఈ కోవలోనివి. ఇవి పొంగును బాగా తగ్గిస్తాయి. చాలా కార్లలో కంపెనీ పెట్టిన రేకు ఎప్పుడో ఎవరో విప్పి తిరిగి బిగించకపోవడమే సమస్యకు మూలం కావడం చూస్తుంటాం. రేడియేటర్ సగం పూడుకుపోయి ఉంటే మాత్రం ఎన్ని రేకులు పెట్టినా ఫలితం అంతంతే.

రెండో రకం రిటర్న్ లైన్. పంపు దాటిన పెట్రోలులో కొంత భాగం చిన్న రంధ్రం గుండా తిరిగి ట్యాంకుకు వెళ్లే ఏర్పాటు ఇది. పెట్రోలు ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టి ఇంజిన్ పక్కన నిలిచి కాగదు, పుట్టిన ఆవిరి కూడా కార్బొరేటర్ మీద పడకుండా వెనక్కి పోతుంది. దీని లోపమేమిటంటే వేడెక్కిన పెట్రోలు ట్యాంకుకు చేరడం. ట్యాంకు అడుగంటిన కారులో కాసేపటికి మొత్తం పెట్రోలే వేడెక్కుతుంది.

మూడోదైన ఎలక్ట్రిక్ పంపు దగ్గరే అభిప్రాయాలు గట్టిగా చీలిపోతాయి. కారును పుట్టినప్పటి రూపంలోనే ఉంచాలనేవారు, కంపెనీ పంపుతో ఈ కార్లు ఎన్నో ఎండాకాలాలు గడిపాయి కదా, అన్నీ సరిగ్గా ఉంటే ఇప్పుడూ గడపగలవు అంటారు. అందులో న్యాయముంది. రోజూ నడిపేవారు పైన చూసిన 12 డిగ్రీల లాభాన్ని చూపిస్తారు. అందులోనూ న్యాయముంది. కానీ ఆ లాభం పంపు ట్యాంకు దగ్గర ఉన్నప్పుడే దక్కుతుంది. వైరింగ్ సులువుగా ఉంటుందని దాన్ని బానెట్ కిందే బిగిస్తే, పాత పంపు లాగే అదీ వేడి పైపు నుంచి పీలుస్తుంది. పైగా మెకానికల్ పంపు ఇంజిన్ ఆగితే తానూ ఆగుతుంది, ఎలక్ట్రిక్ పంపు ఆగదు. ప్రమాదంలో పైపు తెగినా అది పెట్రోలు పోస్తూనే ఉంటుంది కాబట్టి, ఆయిల్ ప్రెషర్ పడిపోగానే కరెంటు తెంచే స్విచ్చు గాని, గుద్దుడుకు కరెంటు తెంచే స్విచ్చు గాని లేకుండా దాన్ని బిగించడాన్ని సమర్థించలేము. ఇంజెక్షన్ కారు పంపును తెచ్చి పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. 300 కిలోపాస్కల్ ముందు ఫ్లోట్ నీడిల్ నిలవదు, వేడి మానిఫోల్డ్ మీద పెట్రోలు పొంగుతుంది.

ఇథనాల్ వాటా ఎంత

స్వచ్ఛమైన ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దాని ఆవిరి పీడనం పెట్రోలు కంటే తక్కువ. అలాంటిది పెట్రోలులో కలిపితే మిశ్రమం ఆవిరి పీడనం తగ్గాలి గదా అనిపిస్తుంది, కానీ పెరుగుతుంది. ఇథనాల్ అణువులు పెట్రోలు అణువుల మధ్య చెదిరిపోయినప్పుడు తమలో తాము పట్టుకునే పట్టు కోల్పోయి తేలిగ్గా ఆవిరవుతాయి, తోటి తేలిక భాగాలతో కలిసి ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతాయి. 10 శాతం కలిపినప్పుడు ఈ పెరుగుదల దాదాపు 7 కిలోపాస్కల్ ఉంటుంది. 20 శాతానికి అది రెట్టింపు కాదు, నిజానికి కాస్త తగ్గుతుంది. మన పాత లెక్కలో 60 బదులు 67 వేసి చూస్తే, పీల్చే పైపులో మరుగు 46 నుంచి 43 డిగ్రీలకు దిగుతుంది. తేడా 3 డిగ్రీలు. శుద్ధి కర్మాగారం మూల పెట్రోలులో తేలిక భాగాలను తగ్గించి సర్దితే ఈ తేడా ఇంకా చిన్నదవుతుంది. అంచు మీద నడుస్తున్న కారును ఆ 3 డిగ్రీలు ఆపగలవన్నది నిజం. పంపు స్థానం, ఊడిన రేకు, మూసుకుపోయిన మూత వంటివి అంతకంటే పెద్ద తేడాలు తెస్తాయన్నదీ నిజమే.

ప్రభుత్వం, చమురు కంపెనీలు ఈ ఇంధనం వల్ల విదేశీ చమురు దిగుమతి, కాలుష్యం తగ్గుతాయని, చెరకు, మొక్కజొన్న రైతులకు ఆదాయం వస్తుందని చెబుతున్నాయి. ఇథనాల్ లేని పెట్రోలు కూడా బంకుల్లో అందుబాటులో ఉంచాలని కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. యజమానుల ఫిర్యాదు మాత్రం వేపర్ లాక్‌తో ముగియదు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి, 20 శాతం మిశ్రమంలో మొత్తం మీద 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు చాలు. ఇంజెక్షన్ కారు సెన్సరుతో దీన్ని పసిగట్టి సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ రంధ్రం ఎంతో అంతే పోస్తుంది, ఇంజిన్‌కు పెట్రోలు పాలు తగ్గి ఎక్కుళ్లలో నీరసపడుతుంది. ఆ నీరసాన్నీ వేపర్ లాక్ కింద జమకట్టేవారు చాలామంది. అది చల్లని ఉదయం కూడా ఉంటుందన్నదే తేడా.

పాత రబ్బరుకు ఇథనాల్ పడదన్న ఫిర్యాదు అన్నింటికంటే బలమైనది. ఇథనాల్ కోసం తయారుకాని పాతకాలపు హోసులు, డయాఫ్రమ్‌లు ఉబ్బి, మెత్తబడి, తరువాత పగులుతాయి. పంపుకు ముందున్న హోస్ పగిలితే లోపలికి వచ్చేది గాలేనని పైన చూశాం. ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి అంటుకున్న మడ్డిని కూడా ఇథనాల్ కరిగించి వదులుతుంది కాబట్టి, ఈ ఇంధనానికి మారిన తొలి నెలల్లో ఫిల్టరు, జెట్లు మూసుకుపోవడం సహజం. వానాకాలమంతా షెడ్డులో కదలకుండా ఉన్న కారు సంగతి మరొకటి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, నీరు ఒక మోతాదు దాటగానే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. అలాంటి కారు దసరాకు బయటకు తీస్తే ఎండ లేకపోయినా నాలుగు అడుగులు వేసి ఆగుతుంది, దానికి ట్యాంకు దింపి ఖాళీ చేయడం తప్ప తడి గుడ్డ గాని, ఎలక్ట్రిక్ పంపు గాని పనికిరాదు.